విమానం దాటాక

యుద్ధం పేరు చెప్పి మా ఊరి పొలాల మీద రన్‌వే పరిచారు. అప్పటి నుంచి విమానం వస్తే సగం మాట నోట్లోనే ఆపుకుని, అది దాటాక మిగతా సగం చెప్పడం ఊరందరికీ అలవాటైపోయింది.

నేను ఒక్క మాట మాత్రం అలా మళ్లీ చెప్పలేకపోయాను.

ఆ రోజు కంచె దగ్గర ఇంజన్ మెకానిక్, అంటే ఇప్పటి మా ఆయన, "నన్ను చేసుకుంటావా?" అని అడిగాడు. "వద్దు" అన్నాను. సరిగ్గా అప్పుడే నెత్తి మీద విమానం. మోత తగ్గేలోపే నవ్వుకుంటూ మా నాన్న దగ్గరికెళ్లి, "మీ అమ్మాయి సరేనంది" అన్నాడు. నాన్న మాటిచ్చేశాడు. పాపం, నా మాట ఆయనకు వినపడలేదనుకున్నాను. వినపడని మనిషి మీద ఏమని కోప్పడతాం? ఆ జాలితోనే ఇన్నేళ్లూ కాపురం చేశాను.

సైన్యం ఖాళీ చేసి వెళ్లిపోయింది. నిన్న ఇద్దరం అదే కంచె దగ్గర నిలబడ్డాం. రన్‌వే అవతల అధికారులెవరో మాట్లాడుకుంటున్నారు.

"పొలాలు తిరిగివ్వరట" అన్నాడాయన.

"అంత దూరం నుంచి మీకెలా వినపడిందండీ?"

"వినడమెందుకే పిచ్చిదానా! ఇంజన్ల పక్కన చెవులు పనిచేస్తాయా? పనిలో చేరిన ఏడాదే పెదాలు చూసి మాట పట్టేయడం వచ్చేసింది."

నన్నడిగే నాటికి ఆయన అక్కడ పాతకాపు.

ఆయనకు ఎదురుగా తిరిగి, గొంతు లేకుండా పెదాలతోనే ఆనాటి మాట మళ్లీ అన్నాను.

ఆయన గబుక్కున తలెత్తి ఖాళీ ఆకాశంలోకి చూశాడు, ఏదైనా విమానం వస్తోందేమోనని.