కడగని కుండ

"ఆ కుండని స్టేజీ ఎక్కించకు. అది మా నాన్న చేసింది," అన్నాడు కుండల సారె తిప్పే చిన్ననాటి స్నేహితుడు, స్టాఫ్‌రూం తలుపు మూసేస్తూ.

హిస్టరీ టీచరమ్మ చేతిలోంచి కుండ జారినంత పనైంది. బయట హాలు కిటకిటలాడుతోంది. రిటైరైన హిస్టరీ సారుకి ఇవాళ పాత విద్యార్థుల సన్మానం. వీళ్లిద్దరూ ఎనిమిదో తరగతిలో ఉండగా బడి మెట్ల పక్కన ఆయన తవ్వించిన కుండను మ్యూజియం అధికారికి అప్పగించాల్సింది ఆమే. ఆ కుండే ఆమెను టీచర్ని చేసింది.

"వేళాకోళమా?"

"పొద్దున నాన్నే చెప్పాడు. సార్ కొత్త కుండ కొనుక్కెళ్లి ముందే పాతిపెట్టారట, మనం తవ్వి సంబరపడతామని. అడుగున నాన్న బొటనవేలి ముద్ర ఉంటుంది. కడిగి చూడు."

కడగడమా? "చరిత్రకు స్నానం చేయించకూడదు" అని సార్ ఆనాడే ఒట్టు వేయించుకున్నారు. ఆయన తీరే అంత. ఆలస్యంగా వస్తే "ఏ శతాబ్దం నుంచి వస్తున్నావురా?" అనేవారు. గెలిచిన రాజు గొప్పలు అందరూ చెబుతారని, కాగితం కిరీటం పెట్టుకుని బల్లెక్కి ఓడిన రాజు గోడు వినిపించేవారు. తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అలాంటి మనిషి మోసం చేశారా?

ఇంతలో చేతికర్ర టకటకలాడించుకుంటూ సారే లోపలికి వచ్చారు.

"సార్, ఈ కుండ మీరు పాతిపెట్టిందేనా?"

ఆయన తల దించుకున్నారు. "పాఠం పుస్తకంలోంచి కాకుండా మట్టిలోంచి రావాలనుకున్నానమ్మా. ముద్ర బయటపడుతుందనే కడగొద్దన్నాను. పద, మైకులో నేనే ఒప్పుకుంటాను."

ఆమెకు ఏడుపొచ్చింది. కుండను కుళాయి కింద బోర్లించి కసిగా రుద్దింది. మట్టి కరిగిపోయింది. అడుగు నున్నగా ఉంది. ముద్ర లేదు.

స్నేహితుడు కుండను వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఇది మా మట్టి కాదు. మా నాన్న చెయ్యీ కాదు."

సార్ కళ్లజోడు సర్దుకున్నారు. "తవ్విన రోజు నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. ముందు రోజే బడి మెట్లకి ఎడమ పక్క తవ్వమన్నాను కదా, ఎటు తవ్వారు?"

"మా ఎడమ పక్కే సార్. ముందు రోజు మీరు మెట్ల మీద నిలబడి చెప్పారు. మేం కింద, మీకు ఎదురుగా ఉన్నాం."

సార్ చేతికర్ర గోడకు ఆనించి, చొక్కా చేతులు పైకి మడిచారు.

"పార తెండి. నా కుండ ఇంకా భూమిలోనే ఉంది."