నీలం వెలగాలి

తనిఖీకి వచ్చిన అధికారిణి, ఇంటి యజమానురాలు హైమవతి నుదుటికి పట్టీ కట్టి, "మీ పనిమనిషిని చూడండి" అంది. మెదడు మనిషి ముఖాన్ని పట్టించుకుంటే పట్టీ మీద నీలం దీపం వెలుగుతుంది, వస్తువునైతే పసుపు. పసుపు వెలిగిన ఇంట్లో పనిమనిషిని ఉంచకూడదని విశాఖలో కొత్త నిబంధన.

ఎదురుగా నూకాలు టీ తాగుతూ నిలబడింది. ఇన్నేళ్లలో మొదటిసారి హైమవతి ఆమెకు బంగారు అంచు పింగాణీ కప్పు ఇచ్చింది.

పసుపు వెలిగింది.

"ఇంకొక్క అవకాశమే ఉంది" అంది అధికారిణి.

ఈ పని పోతే నూకాలుకి ఇల్లు గడవదు. నూకాలు చేతిలో కప్పు కాస్త ఒరిగింది. హైమవతి చూపు ఎక్కడుందో నూకాలుకి అర్థమైంది.

"ఒక్క నిమిషం ఉండండమ్మా."

కప్పు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. బాల్కనీ గట్టు మీద విడిగా ఉండే తన స్టీలు గ్లాసు తెచ్చుకుని, టీ అందులోకి వంపుకుంది.

"ఇప్పుడు సూడండి అమ్మగోరూ. ఇది పగలదు."

హైమవతి ఊపిరి పీల్చుకుని తలెత్తింది. నీలం వెలిగింది.

"మనిషిగానే చూస్తున్నారు" అని ధ్రువీకరించి అధికారిణి వెళ్లిపోయింది.

నూకాలు తన గ్లాసు కడుక్కుని, మళ్లీ బాల్కనీ గట్టు మీద బోర్లించింది.