మేత చప్పుడు

దూది కుట్టిన చపాన్ కోటు మీద ఇంకో చపాన్ తొడుక్కుని, తలకి ఉన్ని శాలువా చుట్టుకుని, ఇనోయత్ ముసలమ్మ వసారాలో కూర్చుని ఆకాశాన్ని తిడుతోంది.

"నవ్రోజ్ పండగ వెళ్ళాక నేను చపాన్ ముట్టుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు రెండు తొడిగినా పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఇదేం వసంతమే అమ్మాయ్, దీని మొహం మండ."

"మండినా బాగుండు అత్తయ్యా, కాస్త వెచ్చగా ఉండేది," అంది కోడలు సబోహత్.

ముసలమ్మ నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి దిగింది. చాలాసేపటిదాకా వదల్లేదు.

ఫెర్గానా లోయలో ఈపాటికి జనం పెరట్లో మంచాలు వేసుకుని పడుకోవాలి. ఈ ఏడు ఆప్రికాట్ పిందెలన్నీ వానకి రాలి బురదలో కలిశాయి.

ఇంట్లో పొయ్యి ఉన్న గది ఒకటే. ఆ గది పట్టుపురుగులది.

ఎవరూ పొమ్మనలేదు. ఏటా పురుగుల కాలం రాగానే ముసలమ్మే తన పరుపు చుట్టుకుని వసారాలోకి వచ్చేస్తుంది. గుడ్లని గుడ్డసంచిలో పోసి, గుండెకి ఆనించి కట్టుకుని, ఒంటి వేడితో పొదిగేది కూడా ఆవిడే. "నా కొడుకుని కూడా ఇంత జాగ్రత్తగా మోయలేదు," అంటుంది.

మంచి ఏడాదుల్లో ఆ వసారాలో హాయిగానే ఉంటుంది. ఈ ఏడు ప్లాస్టిక్ పట్టా కట్టారు. గాలికి అది కొట్టుకుంటూనే ఉంది.

లోపలికి రమ్మని సబోహత్ బతిమాలని రోజు లేదు.

"దగ్గుకి రాసుకున్న ఈ మందు కంపుతోనా? పురుగులకి వాసన పడదని నీకు నేను నేర్పలేదూ? ఉల్లిపాయ వేయించినందుకు ఓ ఏడు నిన్నెంత తిట్టానో మర్చిపోయావా?"

"ఎలా మర్చిపోతాను? మా పుట్టింటిదాకా వినిపించింది."

"మరి? నాకిక్కడే బాగుంది. గోడకి చెవి ఆనిస్తే అవి మేయడం వినిపిస్తుంది."

నిజమే. నాలుగోసారి పొర విడిచి నిద్ర లేచిన పురుగులు ఆకు మీద పడితే, రేకుల మీద వాన కురిసినట్టే ఉంటుంది. కొత్తకోడలిగా వచ్చినప్పుడు సబోహత్ ఆ చప్పుడు విని, ఆరేసిన బట్టలు తీయడానికి పెరట్లోకి పరిగెత్తింది. ముసలమ్మ ఇప్పటికీ అది చెప్పి అందరినీ నవ్విస్తుంది.

తడి ఆకు పురుగుకి విషం.

సబోహత్ భర్త ఎర్కిన్ కాలవగట్టున కోసుకొచ్చిన మల్బరీ కొమ్మల్ని ఆరడానికి ఆవుల కొట్టంలో వేలాడదీశారు. తువ్వాళ్ళతో తుడిచారు, దుప్పట్లతో తుడిచారు, చివరికి సబోహత్ పెళ్ళిముసుగుతో తుడిచారు. ఇంట్లో ఇక పొడిబట్ట మిగల్లేదు.

మొన్న సాయంత్రం, ఆకలితో తలలెత్తి వెతుక్కుంటున్న పురుగుల్ని చూడలేక, ఉన్న తడి ఆకే వేశారు.

ఈ పొద్దున సబోహత్ గది తలుపు తీసింది.

అరల మీద ఆకు వేసింది వేసినట్టే ఉంది. పురుగులు మెత్తబడి, నల్లబడి, కొమ్మల నించి తలకిందులుగా వేలాడుతున్నాయి. వేలితో కదిపింది. ఇంకో అరలో కదిపింది. అన్ని అరలూ చూసింది. ఒక్కటీ కదల్లేదు.

ఎర్కిన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఎవర్ని తిట్టాలి చెప్పు," అన్నాడు. "మనిషైతే పట్టుకుని అడుగుదును."

సబోహత్ తలగుడ్డ నోట్లో కుక్కుకుని, గోడవతలికి వినబడకుండా ఏడ్చింది.

"అమ్మకి చెప్పెయ్. తీసుకొచ్చి ఇక్కడ పడుకోబెడదాం. గది ఖాళీయేగా ఇంక."

"మీరు చెప్పండి."

"నావల్ల కాదు."

సబోహత్ మొహం కడుక్కుని వసారాలోకి వెళ్ళింది. ముసలమ్మ పడుకుని ఉంది. చెయ్యి వేస్తే ఒళ్ళు కాలిపోతోంది. చెవి మాత్రం గోడకి ఆనించే ఉంది.

పైన రేకుల మీద వాన ఎడతెరిపి లేకుండా పడుతోంది.

"అత్తయ్యా, లేవండి, లోపలికి..."

"ఉష్." ముసలమ్మ కళ్ళు తెరవలేదు. ఇన్నాళ్ళలో ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఉంది ఆవిడ మొహం. "విను, ఎలా మేస్తున్నాయో. ఈ పాడు చలి నన్ను పట్టుకుంటే పట్టుకుంది. వాటి జోలికి పోలేదు. నాకంతే చాలు."

సబోహత్ జారిన శాలువాని ఆవిడ భుజాల మీదికి సర్దింది.

"మేస్తున్నాయి కదే?"

"మేస్తున్నాయి అత్తయ్యా."

ఆ మాట అన్నాక గాని తానేం చేసిందో తెలియలేదు. పురుగులు మేస్తుండగా ఈవిడ ఆ గదిలో అడుగు పెడుతుందా? ఇంక ఏం చెప్పి తీసుకెళ్ళాలి?

నెలరోజులుగా ఆగు ఆగు అని తిట్టిపోసిన వాన. ఇప్పుడు దాన్ని ఆగమనాలో, కురవమనాలో తెలియక, సబోహత్ కప్పుకేసి చూస్తూ ఉండిపోయింది.

చూస్తుండగానే చప్పుడు పలచబడింది. ఒకటీ అరా చినుకులు పడి, అవీ ఆగిపోయాయి. ప్లాస్టిక్ పట్టా మీదికి ఎండ వచ్చింది.

ముసలమ్మ కళ్ళు తెరిచి, కోడలి చెయ్యి తట్టింది.

"ఆకు అయిపోయినట్టుందే. వెళ్ళి వెయ్యి."