ఏడో గుంత దగ్గరి దిబ్బ

సమస్త గోల్ఫ్ ఆటగాళ్లకు తెలియజేయునదేమనగా, ఏడో గుంత దగ్గరి దిబ్బ పక్కన ఎవరూ తుమ్మరాదు.

ఈ మైదానానికి ప్లాను గీసింది మా బామ్మర్ది, బుల్డోజర్ తోలేది నేను. నేల సహజంగా కనపడకపోతే ఉద్యోగం ఊడుతుందని యజమాని వాడికి ముందే చెప్పాడు.

"బావా, ఈ దిబ్బ తీసెయ్. అటుపక్క కొత్తది పోద్దాం."

"ఉన్నదానికేం రోగంరా?"

"ప్లానులో లేదు."

"ఇక్కడ తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. దాని ఉసురు నువ్వే పోసుకో."

మావాడు దిబ్బను వదిలేసి ప్లానునే మార్చాడు.

నిన్న యజమాని, "ఇదొక్కటే మనిషి చెయ్యి పడనట్టుంది" అంటూ వాణ్ణి కావలించుకున్నాడు. ఉద్యోగం నిలబడింది. మావాడు మునివేళ్ల మీద వెళ్లి దిబ్బకు దండం పెట్టి, పిట్ట బెదరకూడదని నాచేత ఈ తుమ్ముల నోటీసు రాయించాడు.

తీతువూ లేదు, గుడ్లూ లేవు. బావ మాట వినడు గానీ పిట్ట కోసమైతే వింటాడని, ఆ గుడ్లు నేనే పెట్టాను.