ఎల్లమ్మ జడ

"ఖలాస్ చెయ్ లచ్చన్నా, ఏం చూస్తున్నవ్?" అన్నాడు హోటల్ డ్రైవర్ పరమేశ్.

బహ్రెయిన్‌లోని తుబ్లీలో, లచ్చన్న పనిచేసే సెలూన్‌ కుర్చీలో జమైకా రెగే గాయకుడు కూర్చున్నాడు. నడుం దాకా జడలు. రాస్తాఫారీ మతం వాడు, వాటిని దేవుడి పేర పెంచాడు. అవి తీస్తేనే హోటల్లో ఇంకో ఏడాది పాడనిస్తానన్నాడట మేనేజర్.

లచ్చన్న కత్తెర అందుకున్నాడు. ఆరేళ్ల కిందట బహ్రెయిన్ వీసా ఫోటో కోసం, ఎల్లమ్మ పేర పెంచిన జడను తనే కోసుకున్నాడు. ఆ తర్వాత ఆ తల్లి పాట మళ్లీ నోటికి రాలేదు. అందుకే హోటల్ ముందు ఈ జడల పోస్టర్ చూసినప్పుడల్లా కడుపు మండేది. ఇవి తెగితే ఇక ఇతనూ తనలాంటివాడే.

జడ పట్టుకోగానే చెయ్యి ఆగింది.

"వాళ్ల దేవుణ్ణి అడిగిండా? అడగకుంట జడ కొయ్యరాదు. అడుగుమను."

పరమేశ్ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. గాయకుడు కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి లేచి, మెడకు చుట్టిన గుడ్డ విప్పి లచ్చన్న చేతిలో పెట్టి, పరమేశ్‌తో ఒక మాట అని వెళ్లిపోయాడు.

"దేవుడు వద్దన్నడంట! మంచి నౌకరి పోగొట్టుకున్నడు, పిచ్చోడు," నవ్వాడు పరమేశ్. "నీ జడ కోసుకున్నప్పుడు ఎల్లమ్మ ఏమన్నదన్నా?"

లచ్చన్న ఖాళీ కుర్చీ దులిపాడు.

"వద్దంటదని, నేను అడగనే లేదురా."