మావ గడియారం

భీమారావు గడియారాన్ని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపు విని తృప్తిగా తలాడించాడు.

"మావ గడియారం మావలాగే ఉందే. ఒక్క పూట నాగా ఎట్టదు" అన్నాడు బెల్టు బిగించుకుంటూ.

టీ గ్లాసు అందిస్తున్న సూరమ్మ గడియారం వంక చూసింది. ఆ గడియారం నిన్న పొద్దుటే చచ్చిపోయింది. చంపింది తనే.

అది సూరమ్మ తండ్రిది. బి.ఎన్.ఆర్. రైల్వేలో గ్యాంగు మేస్త్రీ చేసినన్నాళ్ళూ ఆయన చేతికి ఉండేది. మేనల్లుడైన అల్లుడికి రాయపూర్ లోకోషెడ్డులో, ఇంజనుకి బొగ్గువేసే ఫైర్‌మన్ పని దొరికిన రోజున, తన చేతికున్నది విప్పి అతని చేతికి కట్టాడు. ఆ ఏడే పోయాడు. నిజానికి యార్డులో ఇంజను మీద పనిచేసేవాడికి గడియారం ఎందుకు? షెడ్డు సైరను, అదే భోంపూ, కూస్తే పొద్దు, పచ్చజెండా ఊపితే కదలిక. పైగా బొగ్గుమసి పడుతుందని భీమారావు డ్యూటీలో ఉన్నంతసేపూ దానికి గుడ్డ చుట్టి ఉంచేవాడు. దాని ముఖం చూసేది పొద్దున్న ఒక్కసారే. ఎప్పుడూ వెనకబడే గడియారం గనక, భోంపూ కూయగానే ముళ్ళు సరిచేసి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని వినడం అతనికి పూజలాంటిది. తోటివాళ్ళు ఎగతాళి చేస్తే నవ్వేసి ఊరుకునేవాడు.

నిన్న అతను పెరట్లో కొళాయి దగ్గర ముఖానికి సబ్బు రుద్దుకుంటుంటే, సూరమ్మ ఆ గడియారాన్ని చెంగుతో తుడుస్తూ బట్టలుతికే బండ మీద జారవిడిచింది. అద్దం పగల్లేదు గానీ లోపల చప్పుడు ఆగిపోయింది. భీమారావు తల కూడా ఇటు తిప్పలేదు. బతికాను దేవుడా అనుకుని దాన్ని మేకుకి తగిలించేసింది. ఎలాగూ మర్నాడు చెవిన పెట్టుకోగానే తెలిసిపోతుంది, అప్పుడే కాళ్ళమీద పడి చెప్పేద్దామనుకుంది.

తీరా చూస్తే, ఆగిపోయిన గడియారం అతనికి వినిపిస్తోంది. అంటే బావకి చెవులు పోయాయి. పోయిన సంగతి అతనికే తెలీదు. ఎదురుగా మాట్లాడితే పెదాలు చూసి పట్టేస్తున్నాడు కాబోలు. భోంపూ అంటారా, దానికి చెవిటివాడి ఎముకలు కూడా అదురుతాయి.

వచ్చేవారమే బిలాస్‌పూర్‌లో డాక్టరు పరీక్ష. కళ్ళూ చెవులూ బాగున్నాయంటేనే డ్రైవరు పని ఇస్తారు. పక్క క్వార్టర్లో పరదేశి ఇలాగే ఇంజను హోరుకి చెవులు పోగొట్టుకుని, పరీక్ష తప్పి, ఇప్పుడు లాంపుల గదిలో కిరసనాయిలు పోస్తున్నాడు. ఇంజను దిగిపోయిన మనిషి ముఖం ఎలా వేలాడుతుందో సూరమ్మ రోజూ చూస్తూనే ఉంది.

అయినా మనసు ఒప్పుకోక, ఆ రాత్రి అతను భోంచేస్తుంటే వెనకనుంచి ఇత్తడి పళ్ళెం కావాలనే కింద పడేసింది. అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు తప్ప వెనక్కి చూడలేదు. కాపరానికొచ్చిన కొత్తలో ఇలాగే ఆమె చేతిలో కుండ జారితే పకపకా నవ్వాడు. ఆ అవమానానికి ఆమె పొద్దుగూకేదాకా మెతుకు ముట్టలేదు, అతను బతిమాలి బతిమాలి అలిసిపోయాడు. ఇప్పుడు ఆ నవ్వే వినిపిస్తే కొబ్బరికాయ కొడతానని మొక్కుకుంది.

పరదేశి భార్య వరహాలమ్మ దగ్గర గోడు వెళ్ళబోసుకుంటే, నువ్వులనూనెలో ఎల్లిపాయలు కాచి చెవుల్లో పొయ్యమంది. తన మొగుడికి ఆ పని ముందే చెయ్యలేదని కళ్ళొత్తుకుంది కూడా.

"ఏటే, నా చెవులికి పోపెడతన్నావా?" అన్నాడు భీమారావు.

"సలికాలం కదా బావా. మంచిది. కదలకు."

అతను ఆమె ఒళ్ళో తలపెట్టుకున్నాడు. ఆ వారమంతా ఇల్లు ఊరగాయ జాడీలా గుప్పుమంది. పొద్దున్న లేవగానే మాత్రం చచ్చిన గడియారాన్ని చెవిన పెట్టుకోవడం, మావని పొగడడం మానలేదు. వింటున్న ప్రతిసారీ సూరమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చేది. ఇంత మంచి మనిషికి ఈ శిక్ష ఏమిటని దేవుణ్ణి తిట్టుకునేది.

పరీక్ష రోజు ఆమె గుమ్మం దిగలేదు, పొయ్యి వెలిగించలేదు. సాయంత్రం బిలాస్‌పూర్ బండి దిగి, జిలేబీల పొట్లంతో వచ్చాడు భీమారావు.

"పాసైపోనాను. డాక్టరుసాబ్ నా యెనకాతల నిలబడి గుసగుసలాడితే, ఒక్క ముక్క పోకండా తిరిగి సెప్పీసినాను."

సూరమ్మ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. ఎల్లిపాయల నూనె పనిచేసిందని వరహాలమ్మని మనసులోనే దీవించింది. అంతలో అతని మణికట్టు మీద ఆమె చూపు పడింది. బండెక్కబోయే ముందు, ఈ పొద్దున్న కూడా దాన్ని చెవిన పెట్టుకుని మావని పొగిడే వెళ్ళాడు. చెవులు అంత బాగున్న మనిషి ఏం విన్నట్టు?

ఇక దాచలేకపోయింది.

"బావా, ఆ ఘడీ ఆగిపోయి వారం దాటింది. నాన్న నీకు కట్టిన ఘడీని నానే పాడుసేసినాను. మరి రోజూ సెవి కాడ ఎట్టుకుని ఏటి ఇన్నావు?"

భీమారావు ఆమె పక్కనే చతికిలబడ్డాడు. గడియారానికి చుట్టిన మసిగుడ్డ విప్పి, దాంతోనే ఆమె కళ్ళు తుడిచాడు.

"అది పడిన సప్పుడు ఆ రోజే ఇన్నానే, సూరీ."