కుక్కకైతే ఎముకలివ్వను

"ఎముకలు ఎవరికి?"

కోడిమాంసం కొట్టులో కత్తి పట్టుకున్న పెద్దావిడ అడిగింది.

"మా కుక్కకి," అంది ఇల్లాలు, చంకలో పిల్లని సర్దుకుంటూ.

"అయితే ఇవ్వను."

వెనక నిలబడ్డవాళ్లెవరో కిసుక్కున నవ్వారు. ఇల్లాలికి ఒళ్లు మండింది.

"కళ్లెదుట కుప్ప పెట్టుకుని ఇవ్వననడానికి నువ్వెవరు?"

"ఎవరినైతే నీకెందుకు? ఇదిగో, తోలూ ఎముకా తీసిన ముక్కలు. ఉత్త నీళ్లలో ఉడికించి, చల్లారాక పెట్టు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వకు."

"నేనేం పచ్చివి పెట్టట్లేదు! మెత్తగా ఉడికిందో లేదో నొక్కి చూసి మరీ పెడతా. పసిపిల్లకి చేసినట్టు చేస్తా."

"ఆ ఉడికించడమే కొంప ముంచేది, తల్లీ. ఉడికిన ఎముక విరిగితే సూదే. పేగుల్లో దిగుతుంది."

"మా పుట్టింట్లో మూడు కుక్కలు ఎముకలు తినే పెరిగాయి."

"వాటి అదృష్టం బాగుంది. నీ కుక్క అదృష్టం ఎలాంటిదో చూసొచ్చావా?"

మళ్లీ నవ్వులు.

ఇల్లాలు విసవిసా గల్లాపెట్టె దగ్గరికి నడిచింది.

"ఏమండీ, మీ మనిషి సరుకు అమ్ముతుందా, పాఠాలు చెబుతుందా?"

యజమాని తల పట్టుకున్నాడు.

"ఇది మూడోసారి, పెద్దమ్మా. ఎముకలు కట్టివ్వు. లేదంటే కత్తి కింద పెట్టు."

పెద్దావిడ కత్తి కడిగింది. తుడిచింది. కింద పెట్టింది.

"పని పోతే పోనీ. నా చేతి మీదుగా మాత్రం ఏ కుక్క గొంతులోకీ ఎముక దిగదు."

తల వంచకుండా వెళ్లిపోయింది.

యజమానే పొట్లం కట్టాడు. ఇల్లాలు యుద్ధం గెలిచినట్టు ఇంటికొచ్చింది.

కుక్క పేరు బొగ్గు. అది ఉయ్యాల కింద పడుకోకపోతే పిల్ల కన్ను మూయదు.

మూడో రోజు బొగ్గు లేవలేదు. ముద్ద ముట్టలేదు. పొట్ట రాయిలా బిగిసింది. వాంతిలో నెత్తురు.

పిల్లని ఓ చంకన, కుక్కని ఓ చంకన వేసుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తింది ఇల్లాలు.

డాక్టరు పొట్ట కోసి, వేలెడంత ఎముక ముక్క తీశాడు.

"బతుకుతుంది. ఇంకో పూట ఆగి ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు. ఉడికిన ఎముకలు పెట్టకూడదని ఎవరూ చెప్పలేదామ్మా?"

"చెప్పారు," అంది ఇల్లాలు. "నేనే నోరు మూయించాను."

డాక్టరు చేతులు కడుక్కుని మందుల చీటీ రాశాడు.

"రెండు రోజులయ్యాక ఎముక లేని కోడిమాంసం, ఉత్త నీళ్లలో ఉడికించి కొంచెం కొంచెంగా పెట్టాలి. ఇంటి నుంచి మీరే తెచ్చుకోండి."

"ఇక్కడ పెట్టరా డాక్టరుగారూ?"

"మొన్నటిదాకా ఆ బెంగ ఉండేది కాదమ్మా," అన్నాడాయన, గదిలో బారుగా ఉన్న బోనుల వైపు చూస్తూ. "కోడిమాంసం కొట్టులో కూలికి బదులు మాంసమే తీసుకుని, ఇక్కడి కుక్కలన్నిటికీ రోజూ వండి తెచ్చే పెద్దావిడ ఒకరుండేవారు, ఎవరో ఫిర్యాదు చేస్తే పని పోయిందట."